బేరిపండని చెప్పిన పువ్వు

పోయిన ఎండాకాలంలో కత్తి పక్కన పెట్టేశాను. కుడిచేతి చూపుడువేలు మొద్దుబారిపోయింది. పండు ఎక్కడ అయిపోయిందో, నా వేలు ఎక్కడ మొదలైందో తెలియడం మానేసింది. రెండుసార్లు రక్తం చూశాక ఇక చాలనుకున్నాను. పళ్లను పువ్వులుగా చెక్కి, పెళ్లి భోజనాల్లో స్వీటు గిన్నెల మీద పెట్టడం నా ఉద్యోగం. నెల్లూరు జిల్లా ఆత్మకూరులో రమణయ్య క్యాటరింగులో చేరాను, ఇరవై నాలుగేళ్లు అక్కడే చేశాను, అక్కడే మానేశాను.

ఈమధ్య ఆత్మకూరు, ఉదయగిరి చుట్టుపక్కల ఆడపిల్లలు కొందరు ఈ పనిలోకి వస్తున్నారు. ఫోన్లో వీడియోలు చూసి హంసలూ నెమళ్లూ చెక్కేస్తున్నారు. చేతి నేర్పులో వాళ్లు నాకేం తీసిపోరు, కత్తి ఎలా పట్టాలో నేను చెప్పనక్కర్లేదు. వీడియోల్లో ఉండని సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి నోరు తెరిచి చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. ముఖ్యంగా దానికోసమే ఇది రాస్తున్నాను.

చెక్క మీంచి పండు మీదికి

మా పుట్టిల్లు వరికుంటపాడు దగ్గర పల్లె. మావాళ్లు మేకలూ గొర్రెలూ మేపేవాళ్లు. పెళ్లయి ఉదయగిరి వచ్చాను. దుర్గం కొండ కింద వీధుల్లో చెక్క స్పూన్లు, గరిటెలు చేసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఎదురింటి ఖాదర్ మామ నాకు ఆ పని నేర్పాడు. స్పూను కాడ మీద ఆకులూ తీగలూ చెక్కడం ఆయన దగ్గరే వచ్చింది. ఆయన ఎక్కువ మాట్లాడడు. తప్పు చేస్తే నా చేతిలోది తీసుకుని పొయ్యిలో పడేసి, ఇంకో చెక్కముక్క ఇచ్చేవాడు.

ఇంట్లో జరుగుబాటు కోసం తర్వాత ఆత్మకూరు చేరాం. నేను చెక్కిన గరిటె ఒకటి రమణయ్య ఎక్కడో చూశాడట. పిలిపించి ఒక కర్బూజా పండు చేతిలో పెట్టి, "దీని మీద చెయ్యమే అట్టాంటి పువ్వు, చూద్దాం" అన్నాడు. చేశాను. మరుసటి రోజే పనిలో పెట్టుకున్నాడు.

మొదటి పెళ్లికే నా పని తెల్లారింది. చెక్కతో పని చేసేవాళ్లకు ముందుగా చేసి దొంతర పెట్టుకోవడం అలవాటు. అదే అలవాటుతో ముందురోజే కర్బూజాతో మూడు గంపల పువ్వులు చేసి, పొడిబట్ట కప్పి ఇంటికి వెళ్లాను. పొద్దున బట్ట తీస్తే రేకులన్నీ వాలిపోయి, అడుగున నీరు కారి ఉన్నాయి. రమణయ్య కోప్పడలేదు. వాటిని జ్యూసులో వేయించి, "చెక్క నీకోసం ఆగుతాది. పండు ఎవురికోసరమూ ఆగదు" అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయి. పువ్వు చల్లటి నీళ్లలో చెయ్యాలి, తడిబట్ట కింద ఉంచాలి, అదీ వడ్డనకు గంట ముందు మాత్రమే. రంగు మారే పండుకు నిమ్మరసం పట్టించాలి. ఉల్లిపాయ తగిలిన కత్తి ఎంత కడిగినా పండు దగ్గరికి తేకూడదు. ఇక మనం పావుగంట కూర్చుని చెక్కిన పువ్వును తినేవాళ్లు చెంచాతో పక్కకు నెట్టేస్తారు. దానికి మనసు కష్టపెట్టుకునే వాళ్లు ఈ పనిలోకి రాకపోవడమే మంచిది.

రమణయ్య గురించి ఉన్నమాట

రమణయ్య మంచివాడా అని అడిగితే సగం అవునంటాను. వాళ్లది ఆత్మకూరు బజారులో కొట్లున్న కుటుంబం. వ్యాపారం వదిలి వంటలోకి వచ్చాడని వాళ్లన్నదమ్ములు ఆయన్ను చిన్నచూపు చూసేవాళ్లు. నాలుక మాత్రం గొప్పది. పాకం వాసన చూసి ముదిరిందో లేదో చెప్పేవాడు. ఒకసారి పూర్ణం కొంచెం పులిసిందని గుండిగ మొత్తం పారబోయించాడు. మిగతావాళ్లెవరికీ ఆ పులుపు తెలియలేదు.

ఆయనలో లోపం భయం. తినేవాళ్లు ఏమనుకుంటారోనన్న భయం. ఆ భయంతో ఎంత కష్టమైనా పడేవాడు, అదే భయంతో ఎంత అబద్ధమైనా ఆడేవాడు. రెండూ ఒకే మనిషిలో ఉంటాయని నాకు ఆయన దగ్గరే అర్థమైంది. మీ యజమాని దేనికి భయపడతాడో చేరిన నెలలోనే కనిపెట్టండి. మీ చేత చేయించే తప్పులన్నీ అక్కణ్ణించే వస్తాయి.

చేదెక్కిన బాసుంది

వరికుంటపాడులో ఒక పెళ్లి. మా పుట్టింటి వైపు వాళ్లు కూడా వస్తారని నాకు గొప్ప చూపించుకోవాలని ఉండింది. పచ్చి పైనాపిల్‌ను పలచగా కోసి బంతిపువ్వులా చేసి, బాసుంది గిన్నెల మీద ముందే పెట్టించేశాను. చూడ్డానికి ఎంత బాగున్నాయో. వడ్డన ఆలస్యమైంది. తినేసరికి బాసుంది అంతా చేదు. పచ్చి పైనాపిల్ పాలల్లో ఎక్కువసేపు ఉంటే చేదెక్కుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మా మేనమామ ఒక చెంచా తిని గిన్నె కింద పెట్టి, "పువ్వు బాగుండాదిమ్మా పెంచలమ్మా, దాన్ని చూసి పోతాంలే" అన్నాడు. పంతి పంతంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. పువ్వు కింద ఏముందో తెలుసుకోకుండా పువ్వు పెట్టకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. పువ్వు ఎవరి నోట్లోకి వెళుతుందో కూడా తెలుసుకోవాలని అప్పటికింకా నేర్చుకోలేదు.

సంగంలో గృహప్రవేశం

ఎండాకాలం వచ్చిందంటే జ్యూసుల కోసం పుచ్చకాయలు కుప్పలు కుప్పలుగా కోస్తాం. ఎర్ర గుజ్జు తీసేశాక పచ్చతోలుకు ఆనుకుని తెల్లటి దళసరి భాగం మిగులుతుంది. దాన్ని పారేస్తాం. నేను దాన్ని పలచగా రేకులు తీసి, చక్కెర పాకంలో నానబెట్టి, బీట్‌రూట్ రసం ఒక చుక్క తగిలించి, గులాబీ కట్టాను. అంచుల్లో లేత గులాబి రంగు, లోపల తెలుపు. ఏ పండో పోల్చుకోవడం ఎవరి వల్లా కాదు. నిజం చెప్పాలంటే నా గర్వమంతా అందులోనే ఉండేది. చూసినవాళ్లు తెల్లబోవాలి, ఇదేంటని అడగాలి.

రమణయ్య తిని చూసి మెచ్చుకున్నాడు. వెంటనే ఆయనకు భయం పట్టుకుంది. "పుచ్చకాయ తోలని చెప్పబాకమే. చెత్తలో పారేసేది మాకు పెట్టినారంటారు. ఎవురన్నా అడిగితే బేరిపండని చెప్పు" అన్నాడు. నేను సరేనన్నాను. అదేమంత పెద్ద అబద్ధంగా తోచలేదు.

పెన్న ఒడ్డున సంగం ఊళ్లో, బియ్యం వ్యాపారం చేసే శెట్ల ఇంట్లో గృహప్రవేశం. ఇంటి పెద్ద కామాక్షమ్మగారు. డెబ్బై దాటినా వెన్ను నిటారుగా ఉండే మనిషి. బాసుంది గిన్నె చేతిలో పెట్టుకుని, తినకుండా నా దగ్గరికి వచ్చింది.

"ఇదేం పండుమే? నేను అన్ని పండ్లూ తినను" అంది.

"బేరిపండమ్మా" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. నమ్మింది. ఒక రేకు తుంచి నోట్లో వేసుకుని, మిగతా పువ్వు కూడా తినేసింది. ఇంకో పువ్వు అడిగి పెట్టించుకుంది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

భోజనాలయ్యాక కత్తులు కడుక్కుంటుంటే ఆమె కోడలు వాసవి వచ్చింది. "మా అత్త బయట స్వీట్ల మీద పెట్టినవి ఎప్పుడూ తీసి పక్కన పెట్టేస్తాది. ఈ రోజు రెండు తినింది" అని నవ్వి, "పుచ్చకాయ కలిసింది ఏదీ పెట్టలేదు గదా?" అని అడిగింది.

"ఎందుకమ్మా?" అన్నాను.

"మా ఆయనకి తమ్ముడొకడు ఉండె. నేను ఈ ఇంటికి రాకముందే, పద్దెనిమిదేళ్లకే జొరమొచ్చి పోయినాడు. పుచ్చకాయంటే ప్రాణమంట వాడికి. పెన్నలో ఇసక మీద కూర్చోని కాయ కాయంతా తినేవాడంట. మా అత్త గయకి పోయి వాడి పేరన పుచ్చకాయ వదిలేసొచ్చింది. ముప్పై ఏండ్లయింది, ముట్టలేదు."

కాశీకో గయకో వెళ్లి ఇష్టమైన పండో కూరో వదిలేసి రావడం మన వైపు ఇంటింటా ఉన్నదే. మా అవ్వ కూడా పొట్లకాయ వదిలేసింది. నాకు తెలియని ఆచారమేమీ కాదు. వంద మందికి వడ్డిస్తే అందులో పదిమంది ఏదో ఒకటి వదిలేసినవాళ్లు ఉంటారు. ఆ సంగతి నా బుర్రకు ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

వాసవి ఇంకా నా జవాబు కోసం నిలబడి ఉంది. "లేదమ్మా" అన్నాను.

మొదటిది రమణయ్య చెప్పించిన అబద్ధం. ఈ రెండోది ఎవరూ చెప్పించలేదు, నాదే.

తిరిగొచ్చే దారిలో

వ్యానులో ఆత్మకూరు వస్తూ రమణయ్యకు చెప్పాను.

"చూడుమే. తెలీక తింటే తప్పు లేదు. తెలిసి తింటేనే తప్పు. ఇప్పుడు ఆమె మీద ఏ తప్పూ లేదు. నువ్వు పోయి చెప్పినావనుకో, లేని తప్పు ఆమె నెత్తిన పెట్టినదానివవుతావు. ముసలామెని ఏడిపించి నీకేం వస్తాది? గమ్మునుండు" అన్నాడు.

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. భయస్తుడు చెప్పిన న్యాయమైనా న్యాయంలాగే వినిపించింది, నాకూ అదే కావలసి వచ్చింది. గమ్మునే ఉన్నాను. అయితే తెల్ల గులాబీ కట్టడం మానేశాను. రమణయ్య ఒకటి రెండుసార్లు అడిగి వదిలేశాడు.

రెండేళ్లు గడిచాయి. బస్సు సంగం మీదుగా వెళ్లినప్పుడల్లా, ఆనకట్ట కనిపించగానే తల తిప్పుకునేదాన్ని. నా మనవరాలు పుచ్చకాయ తింటుంటే చూడలేక లేచి వెళ్లిపోయిన రోజులున్నాయి. ఇది రాస్తుంటే కొంచెం సిగ్గుగా ఉంది, పండు ముక్క కోసం ఇంత బాధా అని మీరనుకోవచ్చు. ఆమె తిన్నది పండు ముక్కే. తల్లి ముప్పై ఏళ్లు పట్టుకున్న మాట పోగొట్టింది మాత్రం నేను.

అసలు బేరిపండు

మళ్లీ ఆ ఇంటి నుంచే పిలుపు వచ్చింది. కామాక్షమ్మగారి మనవరాలి నిశ్చితార్థం. ఆమే అడిగి మరీ చెప్పారట, ఆ తెల్ల గులాబీలే కావాలని.

రమణయ్యకు చెప్పకుండా నిజం బేరిపళ్లు నెల్లూరు నుంచి తెప్పించుకున్నాను. బేరిపండు కోసిన మరుక్షణం నల్లబడుతుంది. రేకు రేకూ నిమ్మరసంలో ముంచి తీసి, అదే పాకంలో వేసి, అదే రంగు తగిలించి కట్టాను. చేతులు పగిలిపోయాయి. ఈసారి అబద్ధం ఉండదు కదా అని ధైర్యం చెప్పుకున్నాను. పాత అబద్ధాన్ని కొత్త నిజంతో కప్పెట్టాలని చూశానన్నమాట.

కామాక్షమ్మగారు వియ్యపురాలి పక్కన కూర్చుని ఉంది. గిన్నెలు నేనే తీసుకెళ్లాను. వియ్యపురాలు పువ్వును అటూ ఇటూ తిప్పి, ఇదేం పండో అని సందేహిస్తుంటే, కామాక్షమ్మగారు నా వైపు చెయ్యి చూపించింది.

"అడగబళ్లేదు వదినా. నేనెక్కడ తిన్నా అడిగి గానీ తినను. ఈ పెంచలమ్మ చేతిదైతే మాత్రం అడగను. నిజం చెప్పే మనిషి."

ఆ మాట విని నిలబడడం ఎంత కష్టమో పగవాళ్లకు కూడా తెలియకూడదు.

ఆమె రేకు తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. ఆగింది. ఇంకో రేకు తింది.

"ఇది అది కాదే" అంది.

"బేరిపండేనమ్మా" అన్నాను. నా జీవితంలో ఆమెకు చెప్పిన మొదటి నిజం అదే.

"ఇది బేరిపండే, నాకు తెలుస్తా ఉండాది. ఆ పొద్దు పెట్టింది ఇది కాదు. అది కరకరమనింది, ఇంకా బాగుండె. అదేంది?"

రమణయ్య గుమ్మం దగ్గర నిలబడి నా వైపే చూస్తున్నాడు. వద్దన్నట్టు తల ఊపాడు. అంతమంది ముందు చెప్పలేక, "లోపల చెప్తానమ్మా" అన్నాను. కామాక్షమ్మగారు నన్ను ఒక్క క్షణం చూసి గిన్నె పక్కన పెట్టి లేచింది.

బియ్యం బస్తాలు పేర్చిన గదిలో, నిలబడే చెప్పాను. పుచ్చకాయ తోలు కింది భాగమని, రమణయ్య చెప్పమన్నట్టు చెప్పానని, వాసవి అడిగితే కూడా లేదన్నానని, అన్నీ చెప్పాను. ఆమె ఒక బస్తా మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నాకు తెలీలేదే" అంది.

"ఎట్ట తెలుస్తాదమ్మా, తెలీకుండానే గదా చేసినాను. మీ తప్పేం లేదు."

"తప్పు సంగతి కాదుమే. అడిగినాను, నువ్వు అబద్ధం చెప్పినావు. ఆ తప్పు నీది, నువ్వే పడు. నేననేది అది కాదు. నా బిడ్డ తినే పండు నా నోట్లోకి వస్తే నేను గుర్తుపట్టలేదే. రెండు తినినానే. బాగుండాదని అడిగి పెట్టించుకున్నానే. ముప్పై ఏండ్లకి ఆ రుచే మర్చిపోయినానా?"

"అది పండు కాదమ్మా, తోలమ్మా. పాకంలో నానింది. ఎవురూ గుర్తుపట్టలేరు."

"ఎవురో వేరు. నేను వేరు" అంది.

ఆమె ఏడవలేదు, నేను ఏడ్చాను. కాళ్లు పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది. కొంగుతో మొహం ఒకసారి తుడుచుకుని, పెళ్లివారున్నారని బయటికి వెళ్లిపోయింది. ఆ రోజంతా నవ్వుతూ అందరితో మాట్లాడింది. నా వైపు చూడలేదు.

ఆ తర్వాత

ఆ ఇంటి పెళ్లి మాకు రాలేదు. రమణయ్య నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత నేనొక మాట తెగేసి చెప్పాను. నేను చెక్కే ప్రతి పువ్వుకూ ఎక్కడో ఒకచోట తోలు ఉంచుతాను, చూసినవాళ్లకు ఏ పండో తెలియాలి. గిన్నెల ముందు పండు పేరు రాసిన అట్టముక్క పెట్టాలి. ఇష్టం లేకపోతే నన్ను పంపించెయ్యమన్నాను. ఆయన గొణిగాడు, ఒప్పుకున్నాడు. కొన్నాళ్లకు ఆ అట్టముక్కలు తన ఆలోచనే అని అందరికీ చెప్పుకోవడం మొదలుపెట్టాడు. నేను కాదనలేదు.

తోలు ఉంచితే పువ్వు కాస్త మోటుగా ఉంటుంది. ఇప్పటి పిల్లలు అది నాకు చేతకాక అనుకుంటారు. అనుకోనివ్వండి. పండును ఎవరూ పోల్చుకోలేనంత బాగా చెక్కడం గొప్ప పని కాదు. నాకు ఆ నేర్పు ఉండబట్టే ఒక తల్లిని మోసం చెయ్యగలిగాను.

నేను పని మానెయ్యడానికి కొన్ని నెలల ముందు వాసవి ఫోన్ చేసింది. కామాక్షమ్మగారు పోయారు. ఎల్లుండి పెద్దకర్మ. నన్ను రమ్మంది.

"వంట మావాళ్లే చేసుకుంటారు. నువ్వు ఒక్క పని చెయ్యాల. మా అత్త పడకన ఉన్నప్పుడే చెప్పింది. తన విస్తట్లో పుచ్చకాయ పెట్టమనింది. నీ చేతనే కోయించమనింది. పువ్వు చెయ్యొద్దంట, ముక్కలు కొయ్యమని చెప్పమనింది."

ఆత్మకూరులో బస్సెక్కి, సంచిలో ఒక్క కత్తి పెట్టుకుని వెళ్లాను. వెనక వరండాలో పెద్ద పుచ్చకాయ కడిగి పెట్టి ఉంచారు. కత్తి పట్టుకోగానే చెయ్యి అలవాటు కొద్దీ వంపు తిరగబోయింది. ఆపుకున్నాను. కాయను నిలువునా రెండు చేసి, పిల్లలు చేత్తో పట్టుకుని తినే మాదిరి అర్ధచంద్రం ముక్కలు కోశాను. గింజలు తియ్యాలా అని అడిగితే, అలాగే ఉంచమంది వాసవి.

పళ్లెంలోంచి ఒక ముక్క తీసి విస్తట్లో పెట్టింది. ఇంకో ముక్క తీసి దాని పక్కనే పెట్టింది.

"రెండు పెట్టమని చెప్పింది" అంది.

రెండోది ఎవరికని నేను అడగలేదు.